నూటపదహార్ల బాట

శ్రావణమాసం. గద్వాలలో తెల్లవారుజామున వాన పడి వెలిసింది. నేతగాళ్ల వీధిలోకి మలుపు తిరగ్గానే మనుషుల కంటే ముందు మగ్గం చప్పుడు మీకు ఎదురొస్తుంది. పలక దెబ్బ, కాస్త ఆగడం, మళ్లీ పలక దెబ్బ. గడప దగ్గర చెప్పులు విడవండి. లోపల నేస్తున్నవాళ్లు తలస్నానం చేసి నియమంతో మగ్గమెక్కారు. "రాండ్రి సార్, కూసోండ్రి" అంటారు గానీ వాళ్ల చేతులు ఆగవు.

గదిలో చీకటికి కళ్లు అలవాటు పడనివ్వండి. మామూలు చీర నేసే మగ్గం కాదిది, గోడ నుంచి గోడదాకా ఆక్రమించింది. దీనిమీద దిగుతున్నది తిరుమల వెంకటేశ్వరస్వామికి బ్రహ్మోత్సవాలప్పుడు కట్టే ఏరువాడ జోడుపంచె. పొడవు 11 గజాలు, వెడల్పు 85 అంగుళాలు. ఒక మనిషి చేతులు ఈ చివరి నుంచి ఆ చివరికి అందవు. అందుకే పక్కపక్కన కూర్చుని, ఒకరు విసిరిన నాడెను ఇంకొకరు అందుకుంటున్నారు. రెండు వైపులా 15 అంగుళాల అంచు, దానిమీద కంచుకోట కొమ్మలు.

అంచు దగ్గరికి వంగి చూడండి. గద్వాల పనితనమంతా అక్కడే ఉంది. ఒంటి పేక వచ్చి అంచు పేకను కలిసేచోట నేతగాడు రెండు పోగులనూ వేళ్లతో ఒకదాన్లో ఒకటి మెలేస్తాడు. అప్పుడే పలక కొడతాడు. తర్వాతి వరుసకు మళ్లీ మెలిక, మళ్లీ పలక. ఏ వరుసలో ఒక్క మెలిక తప్పినా ఒళ్లూ అంచూ విడిపోతాయి. ఇందాక మీరు వీధిలో విన్న ఆ చిన్న విరామం ఇదే. పంచె పూర్తయ్యేదాకా రోజంతా ఇదే పని.

దీనికి నూలు, పట్టు, జరీ, కూలి ఎవరిస్తారని అడగండి. గద్వాల సంస్థానాధీశుల వారసులు ఇస్తారు. సంస్థానం పోయింది, రాజ్యం పోయింది, ఏటా బ్రహ్మోత్సవాల వేళకు గద్వాల నుంచి జోడుపంచెలు పోవడం మాత్రం ఆగలేదు. తిరుమల కొండంత సంపద ముందు ఈ ఖర్చు ఎంత? అయినా ఆ కొద్దిపాటి ఖర్చే ఈ వీధికి ఒక తేదీ ఇచ్చింది, ఒక పని ఇచ్చింది. ఫలానా మగ్గం జోడుపంచెల మగ్గమని ఊరంతా చెప్పుకునే పేరు ఇచ్చింది. ఒక ఊరు ఊరుగా నిలవడానికి ఏం కావాలో తెలుసుకోవాలంటే ఈ లెక్కను పట్టుకునే ముందుకు నడవాలి.

వీధి దాటి కోటలోకి రండి. గద్వాల మట్టికోట ఇది. పదిహేడో శతాబ్దం చివర, పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో సోమనాద్రి కాలంలో లేచింది. గోడల మధ్య చెన్నకేశవస్వామి గుడి ఉంది. మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరుతో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. క్లాసు అయిపోయిన పిల్లలు బురుజు నీడలో నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు. తడిసిన మట్టిగోడ వాసన వస్తోంది. ఆ గోడకు చెయ్యి ఆనించి ఒక నూటపాతికేళ్లు వెనక్కి రండి.

ఇప్పుడు ఇక్కడ సభ జరుగుతోంది. కృష్ణ అవతలి నుంచి, తుంగభద్ర అవతలి నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన పండితులు బారులు తీరి కూర్చున్నారు. మధ్యలో అవధాని. ఒకరు సమస్య ఇచ్చారు. ఒకరు దత్తపది అడిగారు. మరొకరు నిషేధాక్షరి పట్టి, ఆయన నోట అక్షరం రాకముందే అడ్డం కొడుతున్నారు. ఒక మూల గంట మోగుతోంది. ఎన్నిసార్లు మోగిందో చివర్లో అవధాని లెక్క చెప్పాలి. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లనే పరీక్షిస్తున్న చోటు ఇది, ఇక్కడ సిఫారసు చెల్లదు. అందుకే జనం ఈ ఊరిని విద్వద్గద్వాల అన్నారు.

సభ ముగిసింది. శాలువా కప్పారు. తర్వాత పళ్లెంలో డబ్బు వచ్చింది, నూటపదహారు రూపాయలు. తెలుగువాళ్లు పెళ్లిలో చదివించినా పురోహితుడికి దక్షిణ ఇచ్చినా ఈ అంకెనే పట్టుకుంటారు. దీని వెనక ఒక లెక్క ఉందని పెద్దలు చెప్తారు. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయి కంటే దాని విలువ తక్కువ. 100 బ్రిటిష్ రూపాయలు కావాలంటే సుమారు 116 హాలీ రూపాయలు పెట్టాలి. కోస్తా నుంచో కర్నూలు నుంచో వచ్చిన కవి ఇంటికి పోయి మారకం చేసుకుంటే అతని చేతిలో నిండుగా నూరు ఉండాలని ఇచ్చేవాళ్లు ఆ పదహారు కలిపారట. ఇచ్చే చెయ్యి పుచ్చుకునేవాడి ఇంటిదాకా ఆలోచించింది.

అసలు గొప్పతనం ఆ పళ్లెంలో డబ్బు కంటే వర్షాశనంలో ఉంది. పరీక్షలో గెలిచిన కవికి సంస్థానం ఏటేటా ఇంత అని ముట్టజెప్పేది. మొత్తం చిన్నదే. కానీ వచ్చే ఏడు మళ్లీ వస్తుందని తెలుసు గనక కవి ఆ ధైర్యంతో కావ్యానికి కూర్చుంటాడు, ఇంట్లో ఇద్దరు శిష్యులకు అన్నం పెట్టి చదువు చెప్తాడు. గద్వాలలో సభ చూసుకుని ఆత్మకూరు, అక్కణ్నుంచి వనపర్తి, ఆపైన కొల్లాపురం. ఇప్పటి మూడు జిల్లాల్లో ఉన్న ఈ నాలుగు సంస్థానాలూ కవులు నడిచిన ఒకే బాట. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి కూడా ఈ బాట తొక్కినవాళ్లే. సంస్థానాలు సాహిత్యాన్ని ఎట్లా పోషించాయో తూమాటి దోణప్ప పెద్ద పరిశోధనే చేశారు, అది 1969లో పుస్తకంగా వచ్చింది. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పిన సురవరం ప్రతాపరెడ్డి కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డ బిడ్డ. ఆయన సొంతూరు ఇటిక్యాలపాడు.

ఆ సభ వైభవంలోనే ఉండిపోకండి. ఒకసారి బయటికి తల తిప్పి చూడండి. కోట గోడ అవతల కిన్నెర పట్టుకున్న మనిషి ఉన్నాడు, యక్షగానం కట్టే దళం ఉంది. వాళ్లకు లోపలికి పిలుపు రాలేదు. లోపల పళ్లెంలో పెట్టిన రూపాయలు రైతు కట్టిన శిస్తులోంచి వచ్చినవి, ఆ రైతుకు కూడా సభలో చోటు లేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, సంస్థానాల పాలన ముగిసింది. రైతు నెత్తిమీది బరువు దిగింది. అది జరగవలసిన న్యాయం. దాంతోపాటే వర్షాశనాల పద్దు కూడా మూతపడింది. ఆ పద్దును ప్రజల పేరుతో, ప్రజలందరి కోసం మళ్లీ తెరవాల్సిన పని అప్పటి నుంచీ మిగిలే ఉంది.

గద్వాల వదిలి ఎర్రవల్లి చౌరస్తా చేరండి. అక్కడ పెద్దరోడ్డెక్కితే బీచుపల్లి వంతెన వస్తుంది. కింద కృష్ణ ఎర్రగా, నిండుగా పారుతోంది. గట్టున ఆంజనేయస్వామి గుడి దగ్గర బస్సులు ఆగి ఉన్నాయి. నది దాటితే వనపర్తి జిల్లా. పెబ్బేరు దగ్గర పక్కకు తిరిగి శ్రీరంగాపురం రండి.

రంగసముద్రం ఒడ్డున నిలబడ్డారు మీరు. రంగనాయకస్వామి గుడిని నీళ్లు చుట్టుకుని ఉన్నాయి. గాలి వీచినప్పుడల్లా నీళ్లలో గోపురం విరిగి మళ్లీ అతుక్కుంటోంది. వనపర్తి సంస్థానం తవ్వించిన చెరువులను ఇక్కడివాళ్లు సప్తసముద్రాలంటారు. రంగసముద్రం, శంకరసముద్రం వంటి పేర్లు అట్లా వచ్చాయి. ఒక రాజు ఒకసారి పెద్ద ఖర్చు పెడితే చెరువు వస్తుంది. అది చెరువుగా మిగలాలంటే ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి నీరటి. తూము ఎప్పుడు లేపాలి, ఎవరి మడికి ఎన్ని గడియలు నీళ్లు, కట్టమీద ఎక్కడ ఎలుకబొక్క పడిందన్నది అతనికే తెలుసు. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతని పాలు తీసి పక్కన పెట్టేవాళ్లు. గంపెడు గింజలు, ప్రతి పంటకూ తప్పకుండా.

చెరువుకైనా బొమ్మకైనా ఇదే సూత్రం. పట్నంలో ఇప్పుడు గోడలకు రంగులు వేయిస్తున్నారు. 2016లో హైదరాబాద్ మక్తా బస్తీలో దేశవిదేశాల చిత్రకారులు వచ్చి ఇళ్ల గోడలమీద బొమ్మలు వేశారు. చూడ్డానికి జనం కదిలి వచ్చారు. మన పల్లెల్లో కూడా బడి గోడలమీద, పంచాయతీ ఆఫీసు గోడలమీద బొమ్మలున్నాయి. అవి వేసిన పెయింటర్ చాలాసార్లు మండలకేంద్రంలో దుకాణాల బోర్డులు రాసుకునే మనిషే. రెండు వానకాలాలు పోయేసరికి రంగు పొక్కులు లేచి రాలుతుంది. అప్పుడు అతన్ని మళ్లీ పిలిచే పద్దు ఏ పంచాయతీలోనైనా ఉందా అని చూడాలి. గీయించే డబ్బులో కొంత చూసుకునే డబ్బుగా దాచకపోతే ఆ గోడ మూడో ఏడు మళ్లీ ఉత్త గోడే.

వనపర్తి ఊళ్లోకి వస్తే రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. ఎత్తైన తలుపుల్లోంచి డ్రాఫ్టర్లు చంకన పెట్టుకున్న పిల్లలు బయటికొస్తున్నారు. ఒకప్పుడు రాజు పిలిస్తేనే తెరుచుకున్న తలుపులవి. ఇప్పుడు హాజరు పట్టీలో పేరున్న ప్రతి పిల్లా పిల్లవాడూ వాటిగుండా పోతున్నారు. పాత సొత్తును ప్రజల సొత్తు చేసుకోవడం మనకు తెలిసిన విద్యేనని ఆ గడప చూస్తే తెలుస్తుంది. భవనాలను చేసుకున్నట్టే వర్షాశనాన్నీ చేసుకోగలం.

అక్కణ్నుంచి గోపాలపేట మీదుగా నాగర్‌కర్నూలు. నాగర్‌కర్నూలు దాటి తెలకపల్లి. కవి గోరటి వెంకన్న పుట్టిన గౌరారం ఈ మండలంలోదే. ఇంకా ముందుకు పోతే లింగాల. దూరంగా నల్లమల కొండలు నీలంగా లేస్తాయి. పత్తిచేన్లలో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. ఈ మండలంలోని అవుసలికుంట కిన్నెర పాటగాడు దర్శనం మొగులయ్య ఊరు.

కిన్నెర దగ్గరగా చూడండి. వెదురు బొంగు, దానికి మూడు సొరబుర్రలు. బొంగుమీద వరుసగా పన్నెండు మెట్లు, వాటిని కదలకుండా పట్టి ఉంచేది తేనెమైనం. కొనకు నెమలి బొమ్మ. తీగ మీటితే ముందు మెట్టు పలుకుతుంది, తర్వాత బుర్ర లోపలి నుంచి గుమ్మని ఇంకో స్వరం దాన్ని అందుకుంటుంది. ఎండకు మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, శ్రుతి పోతుంది. పాటగాడు పాట ఆపకుండానే బొటనవేలితో మైనం అదిమి సరిచేసుకుంటాడు. పాడేది పండుగ సాయన్న కథ. ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెట్టిన పాలమూరు వీరుడతను.

కిన్నెర వాయించే డక్కలివాళ్లు మాదిగలకు ఆశ్రిత కులం. జాంబపురాణం వినిపించడం వాళ్ల పని, వాళ్లకు త్యాగం ఇవ్వడం మాదిగ ఇళ్ల బాధ్యత. మీరు ఒక వాడలో నిలబడి ఉన్నారనుకోండి. రాత్రి కథ అయిపోయింది. తెల్లారి ఇల్లిల్లూ తిరుగుతుంటే ఒకరు సేరు గింజలు పోస్తారు, ఒకరు పాత చీర ఇస్తారు, ఒకరు రూపాయి నోటు పెడతారు. ఇచ్చేవాళ్లు కూడా పేదవాళ్లే. కానీ అది దానం కాదు, హక్కు. ఈ వాడకు ఈ డక్కలి కుటుంబం, మళ్లీ ఫలానా కాలానికి వస్తారు, ఇంత ఇవ్వాలి. కోట లోపలి వర్షాశనానికి కోట బయట ఉన్న రూపం ఇది. రాజు లేకుండా, దివాణం లేకుండా, కూలినాలి చేసుకునేవాళ్లు తమ పురాణాన్ని తామే పోషించుకున్నారు. కూలికి వలసపోయి వాడలు ఖాళీ అయ్యాక ఆ హక్కు కూడా ఎండిపోయింది.

మొగులయ్య కథ మీకు తెలిసిందే. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినపడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివారులో కట్టడం పని దగ్గర కూలి చేస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకు, ఇంటి అవసరాలకు అయిపోయిందని, నెలనెలా అందే 10 వేలు ఆగిపోయాయని చెప్పారు. ఆ ఫొటో చూసి చాలామంది ఆయన్నే తప్పుపట్టారు. తరాలుగా చేతిలో డబ్బు నిలవని ఇంటికి ఒక్కసారి పెద్ద మొత్తం వస్తే అప్పటిదాకా ఆగిన అవసరాలన్నీ ఒక్కసారే లేస్తాయి. అది ఏ పేద ఇంట్లోనైనా జరిగేదే. ఆ మనిషిని నిలబెట్టేది నెలనెలా వచ్చే 10 వేలు. అదే ఆగింది.

ఒక లెక్క వేసి చూడండి. నెలకు 10 వేల చొప్పున ఒక కళాకారుడికి ఏడాదికి లక్షా 20 వేలు. ఎనిమిది మందికి పదేళ్లపాటు ఇస్తే 96 లక్షలు. కోటి రూపాయల్లో ఇంకా నాలుగు లక్షలు మిగులుతాయి. వాటితో వెదురు, సొరబుర్రలు, తీగలు కొనొచ్చు, నేర్చుకునే పిల్లలకు బస్సు చార్జీలివ్వొచ్చు. పదేళ్లలో ఒక్కొక్కరు ఇద్దరికి నేర్పినా ఈ మూడు జిల్లాల్లో పదహారు మంది కొత్తవాళ్లు తయారవుతారు. మొగులయ్యకు దక్కిన గౌరవం ఆయనకు దక్కాల్సిందే, అందులో రూపాయి తగ్గించమని అనడం లేదు. ఆ గౌరవం పక్కన, ఇంకా ఎవరూ గుర్తించని ఎనిమిది మందికి చిన్న మొత్తాలు నడుస్తూ ఉండాలంటున్నాను.

నెల గడిచింది. పెత్రమాస వచ్చింది. సాయంత్రం నాగర్‌కర్నూలు కేసరిసముద్రం కట్టమీద నిలబడండి. ఎంగిలిపూల బతుకమ్మ ఇవాళే. పొద్దున్నుంచి పిల్లలు గట్లెంబడి తిరిగి తెచ్చిన గునుగు, తంగేడు ఇప్పుడు తాంబాళాల్లో గోపురాలై ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. వంగి చూస్తే గునుగు కొనలకు ఎరుపు, ఆకుపచ్చ రంగు అద్దిన వేళ్ల గుర్తులు ఇంకా తడిగా కనబడతాయి. ఎవరో ముగ్గేశారు, ఎవరో చీపురు పట్టారు, మున్సిపాలిటీ లైట్లు పెట్టింది. చప్పట్లకు తగ్గట్టు వలయం పెద్దదవుతోంది. "జరుగమ్మా, లోపలికి రా అవ్వా" అని ఒక పిల్ల ముసలమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. ఇంతమంది కలిసి చేసే ఇంత పెద్ద బొమ్మ మన దగ్గర ఇంకోటి లేదు. దీనికయ్యే ప్రభుత్వ ఖర్చు నాలుగు స్తంభాల లైట్లు.

అమెరికాలో 2010 ప్రాంతంలో కళతో ఊళ్లను బతికించడం అనే ఆలోచన ప్రభుత్వ విధానంలోకి వచ్చింది. 2011లో అక్కడి జాతీయ కళల సంస్థ 'అవర్ టౌన్' పేరుతో ఊళ్లకు గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కలకత్తాలో వీధివీధిన చందాలతో మంటపాలు కట్టి చేసే దుర్గాపూజ 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మనం ఎవరినీ చూసి కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. గద్వాల మగ్గం, కోటలో సభ, నీరటి గంప, డక్కలి త్యాగం అన్నీ మన దగ్గర పరీక్షకు నిలిచినవే. వాటిలోని మంచిని తీసుకుని, వాటిలోని అన్యాయాన్ని వదిలేయాలి. మంచి ఏమిటంటే మొత్తం చిన్నది, తేదీ తప్పనిది, ఫలానా మనిషికి ఫలానా ఊళ్లో చేరేది. అన్యాయం ఏమిటంటే ఎవరికి ఇవ్వాలో గోడల లోపల కొందరే తేల్చడం.

డబ్బుకు దారులున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు తమ లాభాల్లోంచి సామాజిక పనులకు పెట్టవలసిన 2 శాతంలో కళలు, వారసత్వ కట్టడాలు, చేతివృత్తులకు కూడా ఖర్చు చేయొచ్చు. మున్సిపాలిటీలకు, పంచాయతీలకు సొంత ఆదాయం ఉంది. పట్నంలో, అమెరికాలో స్థిరపడి ఊరికి గుడి కట్టించే, కమాను కట్టించే మనవాళ్లున్నారు. వాళ్లందరినీ అడగాల్సింది ఒకటే. ఒక కమానుకయ్యే డబ్బును పది ముక్కలు చేసి పదేళ్లు ఇవ్వండి. ఒక ముక్క కిన్నెర నేర్పేవాడికి, ఒకటి గోడమీద బొమ్మ గీసి ఏటేటా దిద్దే పెయింటర్‌కు, ఒకటి పండగకు యక్షగానం కట్టే దళానికి. ఎవరికివ్వాలో సభ పెట్టి, అందరి ముందూ పాడించి, ఆడించి, గీయించి తేల్చండి. విద్వత్సభ పెట్టిన పరీక్ష అందులో ఉండాలి, వాడలో ఇల్లిల్లూ ఇచ్చిన మాట కూడా ఉండాలి.

మీ ఊరి తర్వాతి గ్రామసభకు పొండి. పద్దు పుస్తకంలో ఒక్క వరుస రాయించండి: ఏ కళకు, ఎవరికి, ఎంత, ఏ పండగకు. నూటపదహార్లతో మొదలుపెట్టినా చిన్నతనం లేదు. ఆ మరుసటి ఏడు అదే సభకు మళ్లీ పోయి ఆ వరుస ఉందో లేదో అడగండి. మొదటిసారి ఇచ్చింది సన్మానం. రెండోసారి ఇస్తే అది ఆ మనిషికి బతుకు మీద నమ్మకం. పదోసారి ఇచ్చేనాటికి ఆ పాట, ఆ బొమ్మ, ఆ ఆట మీ ఊరి పేరుతో కలిసిపోయి ఉంటాయి.